ఓర్లాండో రాయల్ పసిఫిక్ రిసార్ట్‌లో బస: విజయవాడ, గుంటూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక అమ్మానాన్నలు విజిటింగ్ వీసా మీద వెళ్లి నాలుగైదు నెలలు ఉండి రావడం మన విజయవాడ, గుంటూరు ఇళ్లలో మామూలైపోయింది. వెళ్లినప్పుడు ఎక్కడికైనా తిప్పుదామని పిల్లలు ముందుగా చెప్పే ఊళ్లలో ఫ్లోరిడాలోని ఓర్లాండో ఒకటి. అక్కడి యూనివర్సల్ థీమ్ పార్కుల పక్కనే ఉన్న లోవ్స్ రాయల్ పసిఫిక్ రిసార్ట్ గురించి బెంజ్ సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా తెలిసినవాళ్లు నన్ను ఏవో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెడితే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు కలిసి వెళ్తుంటే ఈ హోటల్‌లో ఒక రాత్రయినా ఉండండి. గది కోసం కాదు, ఒంటికి అలసట తగ్గడం కోసం.

అసలు ఇది ఎలాంటి హోటల్? యూనివర్సల్‌కు ఎంత దూరం?

2002లో తెరిచారు. వెయ్యి గదుల పెద్ద రిసార్ట్. దక్షిణ పసిఫిక్ దీవుల వాతావరణం కనిపించేలా కట్టారు. లాబీ మధ్యలో పైకప్పు లేని నీటి తోట, అందులో నీళ్లాడుతున్నట్టు చెక్కిన ఏనుగు బొమ్మలు, చుట్టూ ఆర్కిడ్ పూలు ఉంటాయి. స్తంభాల మీద, తలుపుల మీద బాలి తరహా చెక్క పని కనిపిస్తుంది. స్విమ్మింగ్ పూల్ సరస్సులా వంపులు తిరిగి ఉంటుంది, ఒక పక్కన ఇసుక పోసి బీచ్‌లా చేశారు. పిల్లల కోసం ఓడ ఆకారంలో నీళ్లు చిమ్మే ఆటస్థలం వేరే ఉంది.

యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడా (1990లో మొదలైంది), ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ (1999) అనే రెండు పార్కులకూ ఇక్కడి నుంచి చెట్ల మధ్య బాటలో నడిచి వెళ్లిపోవచ్చు. ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కు మామూలు నడకలో సుమారు పది నిమిషాలు. నడవలేనివాళ్లకు హోటల్ రేవు నుంచి పడవ ఉంది, దానికి టికెట్ లేదు. పున్నమి ఘాట్ దగ్గర పడవ ఎక్కి భవానీ ద్వీపంలో దిగినట్టే, ఇక్కడ ఎక్కి పార్కుల ముంగిట దిగుతారు. మా అమ్మ వయసువాళ్లకు ఈ పడవే అన్నిటికంటే బాగా నచ్చుతుందని నా నమ్మకం.

కొబ్బరి చెట్లు, చెరువులు మనకు కొత్తా? వాటికి అంత డబ్బు పెట్టాలా?

న్యాయమైన ప్రశ్న. చెట్ల కోసమైతే అక్కర్లేదు. ఇక్కడ డబ్బు పెట్టేది మూడింటికి. పార్కు నడక దూరంలో ఉండటం, మధ్యాహ్నం గదికి వచ్చి నడుం వాల్చే వీలుండటం, గదితో పాటు ఎక్స్‌ప్రెస్ పాస్ రావడం. మూడోదే అసలైనది, వివరంగా చెప్తాను.

ఎక్స్‌ప్రెస్ పాస్ అంటే ఏమిటి? గదితో నిజంగా ఉచితమేనా?

పార్కులో చాలా రైడ్‌లకు రెండు క్యూలు ఉంటాయి. మామూలు క్యూ ఒకటి, ఎక్స్‌ప్రెస్ క్యూ ఒకటి. రద్దీ రోజున మామూలు క్యూలో గంట, గంటన్నర నిలబడాల్సిన రైడ్‌ను ఎక్స్‌ప్రెస్‌లో చాలా తక్కువ సమయంలో ఎక్కేస్తారు. ‘అన్‌లిమిటెడ్’ రకం పాస్ అయితే అదే రైడ్ ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. యూనివర్సల్ హోటళ్లలో ఈ పాస్ ఇచ్చేవి మూడు: రాయల్ పసిఫిక్, హార్డ్ రాక్, పోర్టోఫినో బే. ఈ మూడింట్లో దిగినవాళ్లకు గదిలో నమోదైన ప్రతి ఒక్కరికీ ఆ అన్‌లిమిటెడ్ పాస్ గది అద్దెలోనే కలిసి వస్తుంది.

చాలామంది గమనించని కిటుకు ఇక్కడుంది. పాస్ గదిలో దిగే రోజుకూ, ఖాళీ చేసే రోజుకూ, రెండు రోజులకూ పూర్తిగా పనిచేస్తుంది. అంటే ఒక్క రాత్రి అద్దెకు రెండు పగళ్ల పాస్. ఉదాహరణకు నలుగురు వెళ్తున్నారు, ఆ రోజుల్లో పాస్ విడిగా ఒక్కొక్కరికి రోజుకు 150 డాలర్లు ఉందనుకుందాం. రెండు రోజులకు 1,200 డాలర్లు. గది రాత్రికి 500 డాలర్లు అనుకుంటే, అక్కడి 12.5 శాతం పన్నులతో కలిపి 562.50. బయట చవక హోటల్‌లో దిగి పాస్ విడిగా కొనడం కంటే ఇదే కలిసొస్తుంది. గది ధరా, పాస్ ధరా రెండూ రోజును బట్టి మారతాయి, కాబట్టి మీ తేదీలకు ఈ లెక్క మీరే ఒకసారి వేసుకోండి. ఒక్కరో ఇద్దరో వెళ్తూ, రద్దీ లేని రోజులు చూసుకునేవాళ్లకు లెక్క తిరగబడవచ్చు.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, పాస్ వచ్చినంత మాత్రాన పార్కు టికెట్ వచ్చినట్టు కాదు. టికెట్ వేరేగా కొనాలి. రెండు, ఈ పాస్ పైన చెప్పిన రెండు పార్కులకే. 2017లో తెరిచిన వాల్కనో బే వాటర్ పార్కుకు గానీ, 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుకు గానీ పనికిరాదు. మూడు, అన్ని రైడ్‌లూ ఎక్స్‌ప్రెస్‌లో ఉండవు. జాబితా మారుతుంటుంది, వెళ్లే ముందు యూనివర్సల్ యాప్‌లో చూసుకోండి.

గది సాయంత్రం 4 గంటలకు ఇస్తారట కదా, మరి మొదటి రోజు సగం పోయినట్టేగా?

పోదు. గది 4కే ఇస్తారు, కానీ పొద్దున్నే వెళ్లి రిసెప్షన్‌లో పేరు రాయించుకుని, సామాను బెల్ డెస్క్‌లో (హోటల్‌వాళ్లు సామాను దాచే కౌంటర్) అప్పగించి, పాస్ తీసుకుని నేరుగా పార్కుకు వెళ్లిపోవచ్చు. హోటల్ అతిథులను మిగతావాళ్లకంటే ముందే లోపలికి వదిలే సౌకర్యం కూడా ఉంది. ఏ పార్కు, ఎన్ని గంటలకు అన్నది ముందురోజు చూసుకుని పొద్దున్నే లేవండి. తొమ్మిదింటికి తాపీగా టిఫిన్ చేసి బయల్దేరితే ఆ సౌకర్యం వృథా.

ఎన్ని రాత్రులు ఉండాలి?

ఒకటి లేదా రెండు. ఓర్లాండోలో వారం ఉండే ఆలోచన ఉంటే మిగతా రోజులకు వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకోండి. వారమంతా ఈ హోటల్‌లోనే గడపడం డబ్బు ఎక్కువై చేసే పని తప్ప దానివల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. ఇండియా నుంచి దిగిన వెంటనే మాత్రం ఇక్కడ బుక్ చేయకండి. ఫ్లోరిడా మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ తగ్గడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజులు పిల్లల ఇంట్లో గడిచిపోనివ్వండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మన వేసవి సెలవుల మొదటి రోజులు బాగుంటాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి మే రెండో వారం దాకా, ఈస్టర్ అయిపోయి, అక్కడి బడులకు ఇంకా సెలవులివ్వని సమయం అది. అందులోనూ సోమవారం నుంచి గురువారం మధ్య చూసుకోండి. సంక్రాంతి సెలవులకు వెళ్తే చల్లగా హాయిగా ఉంటుంది. రాత్రులకు స్వెట్టర్ కావాలి, పూల్‌లో దిగాలంటే మాత్రం వణుకు. క్రిస్మస్ వారం, నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ వారం, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్, జులై 4 చుట్టుపక్కల రోజులు వద్దే వద్దు. దసరాకు వెళ్లేవాళ్లు ఇంకొకటి గమనించాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో హాలోవీన్ భయానక రాత్రులు జరిగే రోజుల్లో యూనివర్సల్ స్టూడియోస్ పార్కును మామూలు టికెట్‌వాళ్లకు సాయంత్రం 5కే మూసేస్తారు.

విజయవాడ నుంచి ఎలా వెళ్లాలి? వీసా సంగతి?

గన్నవరం నుంచి నేరుగా విమానం లేదు. మనకు దగ్గరి దారి హైదరాబాద్. ఎమిరేట్స్ 2015 నుంచి దుబాయ్–ఓర్లాండో విమానం నడుపుతోంది కాబట్టి హైదరాబాద్–దుబాయ్–ఓర్లాండో ఒక్క మార్పుతో అయిపోతుంది. పిల్లలు వేరే ఊళ్లో ఉంటే అక్కడికి వెళ్లి, అక్కడి నుంచి లోకల్ విమానంలో ఓర్లాండో వెళ్లడమే అందరూ చేసేది. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కు ఊబర్‌లో అరగంట లోపే. బి1/బి2 విజిటింగ్ వీసా చాలు, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. వీసా చేతికి రాకముందే వెనక్కి రాని డబ్బుతో హోటల్ బుక్ చేయకండి.

ఒక గదిలో మా ఆరుగురం సర్దుకోవచ్చా?

కుదరదు. మామూలు గదిలో రెండు క్వీన్ మంచాలు ఉంటాయి, నలుగురికి సుఖంగా సరిపోతుంది. కింద చాప వేసుకుంటాం అంటే అక్కడ ఒప్పుకోరు, గదికి ఇంతమందే అని లెక్క ఉంటుంది. గదిలో ఇద్దరు పెద్దవాళ్లకు మించితే మనిషికి ఇంత అని అదనంగా కూడా తీసుకుంటారు. తాతయ్య, నాయనమ్మ ఉంటే రెండు గదులు తీసుకుని, మధ్యలో తలుపున్న పక్కపక్క గదులు కావాలని ముందే అడగండి.

బాత్రూమ్ ఎలా ఉంటుంది? పెద్దవాళ్ల టెన్షన్ అదే.

బకెట్, చెంబు, హెల్త్ ఫాసెట్ ఉంటాయని పెట్టుకోకండి. ఒక ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పెట్టుకెళ్లండి, బరువూ కాదు, సమస్యా తీరుతుంది. స్నానం చేసేది టబ్ లోపలైతే దాని అంచు ఎత్తుగా ఉంటుంది, దాటేటప్పుడు తడి కాలు జారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు టబ్ లేని షవర్ గది కావాలని బుకింగ్‌లోనే రాయించండి. పర్దా టబ్ లోపలి వైపు వేసుకుని స్నానం చేయాలని ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి. లేకపోతే నీళ్లన్నీ నేల మీదకు వస్తాయి, జారిపడేది అక్కడే.

దేవుడికి అగరబత్తి వెలిగించకండి. పొగకు ఫైర్ అలారం మోగుతుంది. దండం పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకెళ్తే అన్నం వండుకోవచ్చా?

వద్దు. గదుల్లో వంట చేయనివ్వరు. పైగా అక్కడి కరెంటు 120 వోల్టులు, మన కుక్కర్ సరిగా పనిచేయదు. ఫోన్ చార్జర్లకు 100–240 వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి రెండు చదును పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు.

మరి తిండి? ఆవకాయ, గోంగూర, కందిపొడి తీసుకెళ్లొచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే. కందిపొడి, కారప్పొడి లాంటి పొడులు, దుకాణంలో సీల్ వేసి ఇచ్చిన పచ్చళ్లు సాధారణంగా ఇబ్బంది లేకుండా వెళ్తాయి. కానీ విమానంలో ఫారం ఇచ్చినా, ఎయిర్‌పోర్ట్‌లో అడిగినా, తిండి ఉందని నిజం చెప్పాలి. చెప్పి చూపిస్తే, కుదరనిది తీసి పక్కన పడేస్తారు, అంతే. దాచితే జరిమానా పడుతుంది, అది 10,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు.

తీసుకెళ్లకూడనివి: మాంసం పచ్చళ్లు, పచ్చి పండ్లు కూరగాయలు, బియ్యం. బియ్యం ఎందుకంటే, నిల్వ ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు ఉన్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం. అన్నిటికంటే ముఖ్యంగా కరివేపాకు. నిమ్మ, నారింజ జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును ఒక చిన్న పురుగు మోస్తుంది, అది కరివేపాకు మీద బతుకుతుంది. ఫ్లోరిడా నారింజ తోటలు ఈ తెగులుతోనే ఘోరంగా దెబ్బతిన్నాయి. ‘నాలుగు రెబ్బలే కదా’ అని తడిగుడ్డలో చుట్టి పెట్టకండి. తోటల మీద బతికే జిల్లాల వాళ్లం మనం, వాళ్ల బాధ మనకు అర్థం కావాలి.

హోటల్ రెస్టారెంట్‌లో పొద్దున గుడ్లు, పాన్‌కేకులు, పండ్లు, బ్రెడ్డు, పెరుగు దొరుకుతాయి. శాకాహారులు ‘వెజిటేరియన్’ అని మాత్రమే చెప్తే గుడ్డు ఉండొచ్చు. గుడ్డు వద్దని విడిగా చెప్పండి. గొడ్డు మాంసం, పంది మాంసం తిననివాళ్లు బీన్స్‌లో, సూపులో కూడా అవి ఉన్నాయేమో అడగాలి. అడిగితే ఓపిగ్గా చెప్తారు, మొహమాటపడకండి. రాత్రికి అన్నం లేకపోతే నిద్రపట్టనివాళ్లకు శాండ్ లేక్ రోడ్, ఇంటర్నేషనల్ డ్రైవ్ వైపు ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. అక్కడి నుంచి పెరుగన్నం పార్సిల్ తెచ్చుకుని, మీ పచ్చడి మూత తీసి గదిలో తినండి. పిల్లలు కూడా పిజ్జా వదిలేసి వస్తారు.

పార్కు లోపలికి రెండు లీటర్ల దాకా నీళ్ల సీసా, వేడి చేయనక్కర్లేని చిన్న చిరుతిళ్లు తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, ఘాటు వాసన వచ్చే తిండి వద్దని వాళ్ల నిబంధన. చేగోడీలు, మరమరాలు, వేరుశెనగ ఉండలు భేషుగ్గా వెళ్తాయి.

డెబ్బై ఏళ్లవాళ్లకు అక్కడ ఏముంటుంది?

వాళ్లను గదిలో వదిలేసి వెళ్లకండి, దయచేసి. చూడటానికి చాలా ఉంది. హ్యారీ పోటర్ కథల్లోని ఊళ్లు రెండు, రెండు పార్కుల్లో కట్టారు, 2010లో ఒకటి, 2014లో ఒకటి. రెండింటి మధ్యా హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు నడుస్తుంది. కుదుపులుండవు, ఎత్తు నిబంధన లేదు, కూర్చుని కిటికీలో దృశ్యాలు చూడటమే. దానికి రెండు పార్కులూ తిరిగే ‘పార్క్ టు పార్క్’ టికెట్ ఉండాలి. వీల్‌చైర్లు పార్కు గేటు దగ్గర అద్దెకు దొరుకుతాయి. ‘నేను నడవగలను’ అని పెద్దవాళ్లు అంటారు, అయినా తీసుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు పడవలో గదికి తీసుకొచ్చి, పడుకోబెట్టి, ఐదింటికి మళ్లీ తీసుకెళ్లండి. ఈ ఒక్క పని చేస్తే ఇంటిల్లిపాదీ రాత్రి దీపాల వేళ దాకా పార్కులో సంతోషంగా ఉంటారు.

బీపీ, గుండె, మెడ, నడుము సమస్యలున్నవాళ్లు, గర్భిణులు కుదిపే రైడ్‌లు ఎక్కకూడదు. తెర మీద దృశ్యాలతో ఊపే రైడ్‌లలో కళ్లు తిరుగుతాయి, తిన్న వెంటనే అసలు వద్దు. మందులు చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా పెద్దవాళ్లను విమానం ఎక్కించకండి, అక్కడి ఆస్పత్రి బిల్లు మన ఊహకు అందదు.

మా బాబుకు ఏడేళ్లు. అన్నీ ఎక్కనిస్తారా?

వయసు చూడరు, ఎత్తు చూస్తారు. ఇంట్లో గోడకు నిలబెట్టి కొలవండి. పెద్ద రైడ్‌లలో వెలొసికోస్టర్‌కు 51 అంగుళాలు, హల్క్‌కు 54, హ్యాగ్రిడ్ మోటర్‌బైక్‌కు 48, గ్రింగాట్స్‌కు 42 ఉండాలి. అర అంగుళం తక్కువున్నా పంపరు. అక్కడికెళ్లి ఏడిపించకుండా ఇక్కడే పిల్లాడికి చెప్పి ఒప్పించండి. చిన్నవాణ్ని ఒకరు చూసుకుంటుంటే ఇంకొకరు ఎక్కి, తర్వాత మళ్లీ క్యూ లేకుండా మారే ‘చైల్డ్ స్వాప్’ సౌకర్యం ఉంది. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

చీరతో తిరగొచ్చా? పూల్‌లోకి ఏం వేసుకోవాలి?

తిరగొచ్చు, ఎవరూ ఏమీ అనరు. రైడ్‌లకు మాత్రం చీర వద్దు. చుడీదార్ అయితే చున్నీ తీసి బ్యాగులో పెట్టండి, కదిలే బండిలో చున్నీ చాలా ప్రమాదం. జారిపోయే చెప్పులు వద్దు. పూల్‌లో కాటన్ బట్టలు కుదరవు, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు మన గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్ షాపుల్లో కొనుక్కుని వెళ్లండి. నగలు గదిలోని లాకర్‌లో పెట్టేయండి.

వర్షం, తుఫాను సంగతి?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం ఉరుములతో జోరువాన మామూలే, గంటలో తెరిపిస్తుంది. ఉరిమినంతసేపూ బయటి రైడ్‌లు, పూల్ మూసేస్తారు. హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30. ఆ నెలల్లో అయితే రద్దు చేసుకునే వీలున్న బుకింగే తీసుకోండి.

డబ్బు ఎలా కట్టాలి?

క్రెడిట్ కార్డుతో. బయల్దేరే ముందు బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. దిగగానే అద్దె కాక అదనంగా కొంత మొత్తాన్ని కార్డు మీద ఆపి ఉంచుతారు, ఖాళీ చేశాక కొన్ని రోజులకు వదిలేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే మీ సొంత డబ్బే అన్నాళ్లూ ఇరుక్కుపోతుంది. కారు పెట్టినా రాత్రికి విడిగా కట్టాలి. రోజూ గది శుభ్రం చేసేవాళ్లకు కొన్ని డాలర్లు టిప్పు దిండు దగ్గర పెట్టండి. వాళ్ల కష్టం కళ్లముందే కనిపిస్తుంది.

డిస్నీకి కూడా వెళ్తాం. ఇక్కడే ఉండాలా, అక్కడే ఉండాలా?

వాల్ట్ డిస్నీ వరల్డ్ ఇక్కడికి కారులో అరగంట. నాలుగు పెద్ద పార్కులు. డిస్నీకే మూడు నాలుగు రోజులు అనుకుంటే ఆ రోజులకు అటువైపే ఉండండి. కొబ్బరి చెట్ల వాతావరణమే కావాలంటే వాళ్ల పాలినేషియన్ విలేజ్ రిసార్ట్ ఉంది, 1971లో డిస్నీ వరల్డ్‌తో పాటే తెరిచారు, మోనోరైలులో మ్యాజిక్ కింగ్‌డమ్ చేరొచ్చు. కానీ గదితో ఎక్స్‌ప్రెస్ లాంటి పాస్ అక్కడ రాదు. ఐదేళ్ల లోపు పిల్లలుంటే డిస్నీకి ఎక్కువ రోజులివ్వండి. పదేళ్లు దాటినవాళ్లుంటే యూనివర్సల్‌కు.

ఖాళీ చేసే రోజు మా విమానం రాత్రికి. సామాను ఎక్కడ పెట్టాలి?

పొద్దున 11 లోపు గది ఖాళీ చేసి, సామాను మళ్లీ బెల్ డెస్క్‌లో ఇచ్చి చీటీ తీసుకోండి. పాస్ ఆ రోజంతా పనిచేస్తుంది. పాస్‌పోర్టులు, మందులు, ఒక జత పొడి బట్టలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. అంతర్జాతీయ విమానమైతే నాలుగు గంటల ముందే పార్కులోంచి బయటపడండి. సాయంత్రం ఆ దారుల్లో ట్రాఫిక్ ఎక్కువ.